ఇరవై ఐదు కుడుకలు

కోరుట్ల,
3 ఫిబ్రవరి 2025, సోమవారం.

చిరంజీవి రవళికి బాపమ్మ ఆశీస్సులు.

నా ఆరోగ్యం సరిగానే ఉంది. మొన్న బీపీ చూపించుకుంటే నూట ముప్పై, ఎనభై నాలుగు. నువ్వు అడగడం మరిచిపోయావు గనుక రాస్తున్నాను. ఫోన్‌లో నువ్వు “బాగున్న బాపమ్మా, డ్యూటీకి పోతున్న” అని రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తావు. ఇప్పుడు నేను అడగబోయేవి రెండు ముక్కల్లో తేలేవి కావు. అందుకే కాగితం మీద అడుగుతున్నాను. కాగితం మీదే జవాబు రాయి.

నిన్న పొద్దున మన వెనక వాడకట్టు దుర్గవ్వ వచ్చింది. బీడీల చాట చంకలో పెట్టుకునే వచ్చింది కాని గంటసేపు ఒక్క బీడీ కూడా చుట్టలేదు. ఆమె కూతురు సరిత జనవరి 28న మీ ఎయిర్‌పోర్టు నుంచే మస్కట్‌కు పోయిన సంగతి నీకు తెలుసు. అల్లుడు అక్కడ డ్రైవరు. నిరుడు కుటుంబ వీసా వచ్చింది. పోయేముందు దుర్గవ్వ బిడ్డకు ఒడి బియ్యం పోసింది. ఆ మూటను సరిత పెద్ద సంచిలో పెట్టుకొని పోయింది. ఇక దుర్గవ్వ అన్న మాటలు, ఒక్కటి కూడా మార్చకుండా రాస్తున్నాను.

“టీచరమ్మా, మీ పిల్ల గాడ మిషిని ముంగటనే కూసున్నదట. మా సరితను సూసింది, గుర్తువట్టింది. గుర్తువట్టి కూడ సంచి ఎనుకకు గుంజిపిచ్చింది. ఒడి బియ్యం మూట అందరి ముంగట ఇప్పిచ్చి అయిదు కుడుకలు తీసుకున్నది. బియ్యం కిందవోయినయట. పిల్ల నేల మీద కూసోని ఏరుకున్నదట. ఇమానం దొరుకుడే కష్టమైంది.”

“రూలు ఉంటే తీయక తప్పదు దుర్గవ్వా” అన్నాను.

“రూలు ఉంటె ఉండని. తీసిన కుడుకలు యాడవోయినయి? సిరిసిల్లల మీ కోడలు పద్మ రోజు కుడుకల పొడి నూరుతున్నదట గదా!”

తెలియని మాట అనవద్దని చెప్పి పంపించాను. కాని ఆమె పోయాక నా మనసు కుదుటపడలేదు. కారణం రాస్తున్నాను. జనవరి 19న మీ నాన్నకు జ్వరమని సిరిసిల్ల వచ్చాను కదా. నువ్వు కూడా సెలవు మీద వచ్చి ఉన్నావు. చాప కోసం మంచం కింద చూస్తే ఒక సంచి కనిపించింది. దాంట్లో ఎండు కొబ్బరి కుడుకలు. ఇరవై ఐదు ఉన్నాయి. ముగ్గురున్న ఇంటికి ఒక్కసారిగా ఇరవై ఐదు కుడుకలు ఎవరూ కొనరు. ఆ రోజు ఏమీ అనుకోలేదు. ఈ రోజు అనుకుంటున్నాను.

నేను ముప్పై నాలుగేళ్లు బడిలో పనిచేశాను. పిల్లల దగ్గర గుంజుకున్న గోలీలు, బొంగరాలు ఎవరివి, ఏ తారీఖువి అని పుస్తకంలో రాసిపెట్టి, చివరి పనిదినం నాడు పేరు పిలిచి ఇచ్చేదాన్ని. మనది కాని వస్తువు మన చేతికి వచ్చినప్పుడే మనం ఎవరమో తెలుస్తుంది.

మూడు ప్రశ్నలు. ఒకటి, ఆ రోజు ఆ సంచి ఆపింది నువ్వేనా? రెండు, ఏ నియమం కింద? మూడు, ఆ కుడుకలు ఏమయ్యాయి?

నీ బాపమ్మ.


హైదరాబాద్,
9 ఫిబ్రవరి 2025.

బాపమ్మకు రవళి నమస్కరించి రాస్తున్నది.

నీ ఉత్తరం శుక్రవారం చేరింది. హాస్టల్‌లో ఉత్తరాలు వచ్చేది నాకొక్కదానికే. వార్డెన్ “కోర్టు నోటీసా అమ్మా?” అని అడుగుతూ ఇచ్చింది. చదివాక నాకూ అలాగే అనిపించింది.

మొదటి ప్రశ్నకు జవాబు, ఔను. ఆపింది నేనే.

రెండోది. కుడుక విమానం ఎక్కకూడదు. చేతి సంచిలోనే కాదు, కిందికి వేసే పెద్ద సంచిలో కూడా పనికిరాదు. నూనె పదార్థం, వేడికి తనంతట తానే అంటుకునే గుణం ఉందని మాకు శిక్షణలో మొదటి వారమే చెప్పారు. నేను కూర్చునేది పెద్ద సంచులు పోయే యంత్రం ముందు. తిండి వస్తువులు, బట్టలు తెర మీద నారింజ రంగులో కనిపిస్తాయి, ఇనుము నీలంగా. ఒక్కో సంచికి కొన్ని సెకన్లే. మధ్యమధ్యలో యంత్రమే దొంగ బొమ్మలు చూపిస్తుంది, మేము నిద్రపోతున్నామా అని. కత్తి కనబడుతుంది, సంచి విప్పితే కత్తి ఉండదు. మాకు నేర్పేదంతా అనుమానించడమే బాపమ్మా. ఇరవై నిమిషాలకు మించి చూడనివ్వరు. అంతకంటే ఎక్కువసేపు అనుమానిస్తే కళ్లు పనిచేయవట.

ఒడి బియ్యం సంచి అయితే నాకు విప్పకుండానే తెలిసిపోతుంది. ఇసుక పోసినట్టు బియ్యం, దాని మధ్యలో గిన్నెలు బోర్లించినట్టు ఐదు అర్ధచంద్రులు, పక్కన వేళ్లలాగా పసుపు కొమ్ములు. మా సూపర్‌వైజరు నితిన్ సిటీలో పెరిగినవాడు. మొదటిసారి చూసి “ఇదేంటి రవళీ, ఎవరైనా గిన్నెల్ని బియ్యంలో పాతిపెట్టారా?” అన్నాడు. పుట్టింటివాళ్లు బిడ్డ ఒడిలో పోస్తారని, ఆ బియ్యం అత్తింట్లో వండి నలుగురికీ పెట్టాలని చెప్పాను. “మరి ఎక్కించనివ్వరని తెలియదా వాళ్లకు?” అన్నాడు. తెలియదు. ఎవరూ చెప్పలేదు. సంచి మా దాకా వచ్చేసరికి, సాగనంపడానికి వచ్చినవాళ్ల జీపు వెళ్లిపోయి ఉంటుంది. తిరిగి ఇద్దామన్నా బయట మనిషి ఉండడు.

సరిత విషయం దుర్గవ్వ నీకు సగమే చెప్పింది. నన్ను చూడగానే సరిత “అక్కా, నువ్వు మా టీచరమ్మ మనుమరాలివి గదా! గుర్తువట్టలేదా?” అంది.

“గుర్తువట్టిన సరితా. గని కుడుకలు పోనియ్యరు.”

“అయిదే గదనే! బాంబులా అవ్వి?”

ఆ ఒక్క మాట అక్కడ అనకూడదు. వెనక నితిన్ విన్నాడు, ఇంకో ఇద్దరు విన్నారు. ఆ మాట వినబడితే సంచి మొత్తం దులిపి చూడాలి, మనిషితో కాగితం రాయించాలి, పైవాళ్లు వచ్చి సంతకం చేయాలి. గంటా పది నిమిషాలు పట్టింది. బియ్యం కింద పోయింది అప్పుడే. ఆమెతో పాటు నేను కూడా నేల మీద కూర్చొని ఏరాను. అది దుర్గవ్వకు సరిత చెప్పలేదేమో, చెప్పినా దుర్గవ్వ నీకు చెప్పలేదేమో.

మూడో ప్రశ్న. తీసిన వస్తువులు ఒక డబ్బాలో వేస్తాం. రోజూ సాయంత్రం దాన్ని తీసుకుపోతారు. మిగతాది కలిసినప్పుడు చెప్తాను.

మే నెలకు నా ఆరు నెలల ప్రొబేషన్ అయిపోతుంది. ఒక్క మెమో కూడా లేకపోతే పర్మినెంట్ చేస్తారు. దేవుడికి దండం పెట్టు.

నీ మనుమరాలు,
రవళి.


కోరుట్ల,
18 ఫిబ్రవరి 2025.

చిరంజీవి రవళికి,

నీ జవాబు చేరింది. రెండు ప్రశ్నలకు పూర్తి మార్కులు. సరిత నోటి దురుసు గురించి దుర్గవ్వకు చెప్పాను. “పిల్ల తెల్వక అన్నది” అని ఒప్పుకుంది. మూడో ప్రశ్నకు నువ్వు రాసింది జవాబు కాదు. డబ్బాలో వేస్తాం అన్నావు. “వేశాను” అనలేదు. పిల్లలు పరీక్షలో తెలియని చోట ఇలాగే రాస్తారు.

మొన్న ఆదివారం సిరిసిల్ల పోయాను. నీకు చెప్పలేదు, మీ అమ్మకూ ముందు చెప్పలేదు. కథలాపూర్ మీదుగా పోయే బస్సు ఎక్కి, వేములవాడలో దిగి ఇంకో బస్సు పట్టుకున్నాను. సోమవారం దర్శనానికి ముందురోజే దిగే జనంతో నిలబడడానికి చోటు లేదు. మీ అమ్మ నన్ను చూసి సంతోషపడింది, కాని ముందు లోపలి గది వైపు చూసింది, తర్వాత నా వైపు. అది నేను గమనించాను.

మీ అమ్మ చాయ పెట్టడానికి పోగానే బొంత దులిపే నెపంతో మంచం కింద చూశాను. సంచి అక్కడే ఉంది. ఈసారి కుడుకలు పది. అంటే పదిహేను పోయాయి. కూరల్లో ఒక నెలకు పదిహేను పట్టవు.

ఇంకొకటి కూడా చూశాను. పదకొండు గంటలకు ఒక ఆడమనిషి వాకిట్లోకి వచ్చింది. నలభై ఐదేళ్లుంటాయి. మీ వాడకట్టు మనిషి కాదు, నేను అందరినీ ఎరుగుదును. మీ అమ్మ ఆమెను లోపలికి పిలవలేదు. పేపరులో చుట్టిన పొట్లం ఒకటి ఇచ్చింది. ఆమె మీ అమ్మ చేతిలో ఏదో పెట్టింది. మీ అమ్మ దాన్ని కొంగుకు ముడి వేసుకుంది. ఎవరని అడిగితే “ఎవలో తెల్సినామె అత్తమ్మా” అంది. తెలిసిన మనిషికి పేరు ఉండదా?

అయితే సంచిలో పది, నా కళ్ల ముందు పోయిన పొట్లంలో ఎన్ని ఉన్నాయో తెలియదు. నేను లెక్క పెట్టింది పొట్లం పోకముందు కాదు, పోయిన తర్వాత. ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, రేపు నువ్వు “బాపమ్మ పొరపాటుగా చూసింది” అనకూడదు.

రవళీ, నాకు కనబడుతున్నది ఇది. ప్రయాణికుల దగ్గర తీసిన వస్తువులు మీ ఇంటికి వస్తున్నాయి. అక్కడి నుంచి అమ్ముడు పోతున్నాయి. ఇది నిజం కాకపోతే కాదని రాయి, ఎందుకు కాదో రాయి. మార్చి 5 దాకా చూస్తాను. ఆ తర్వాత మీ ఆఫీసరును అడగవలసి వస్తుంది. మన ఇంట్లో చదువుకున్న మొదటి మనిషిని నేను. కూలికి పోయి నన్ను చదివించిన మా అమ్మ ఒకరి చేనులో రాలిన కంకి కూడా ఏరుకునేది కాదు.

ఫోన్‌లో జలుబన్నావు, తగ్గిందా? మిరియాల పాలు తాగు.

నీ బాపమ్మ.


హైదరాబాద్,
24 ఫిబ్రవరి 2025.

బాపమ్మకు నమస్కారాలు.

కుడుకలు అమ్మలేదు. ఒక్కటి కూడా అమ్మలేదు. మేము తినలేదు కూడా. అమ్మ నూరే పొడికి కుడుకలు నాన్న కొట్టులో కొంటాడు.

ఇంతకంటే కాగితం మీద రాయలేను. దయచేసి ఎందుకని అడగకు. నువ్వు ప్రతి ఉత్తరం దాచిపెడతావు. ఎవరైనా వచ్చి అడిగితే నువ్వు అబద్ధం చెప్పవు. అది నాకు తెలుసు. తెలుసు గనుకనే రాయడం లేదు. ఉగాదికి మార్చి 30న వస్తాను. నీ ఎదురుగా కూర్చొని మొదటి నుంచి చివరి దాకా చెప్తాను. అప్పుడు తిట్టు, కొట్టు.

ఆఫీసుకు మాత్రం రాయకు బాపమ్మా. ఇక్కడ ఒక కాగితం వచ్చిందంటే అది ఎవరి గురించో, ఎందుకో తర్వాత చూస్తారు. ముందు మనిషిని పక్కన కూర్చోబెడతారు.

జలుబు తగ్గింది.

రవళి.


కోరుట్ల,
7 మార్చి 2025.

చిరంజీవి రవళికి,

కాగితం మీద రాయలేని పని మంచి పని అయి ఉండదు. నేను ఇంతవరకు చేసిన ఏ పనీ రాయడానికి భయపడలేదు.

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. “అమ్మలేదు, తినలేదు” అన్నావు. “తీసుకురాలేదు” అనలేదు. నేను మాట తప్పే మనిషిని కానని నీకు తెలుసు. నిన్న స్పీడ్ పోస్టులో మీ ఆఫీసరుకు రాశాను. నీకు తెలియకుండా ఏదీ చేయను గనుక ముఖ్యమైన వాక్యాలు ఇక్కడ దించుతున్నాను.

“ప్రయాణికుల సంచుల నుండి తీసివేసిన తినుబండారాలకు మీ వద్ద రిజిస్టరు ఉన్నదా? గత మూడు నెలల్లో ఎండు కొబ్బరి కుడుకలు ఎన్ని తీశారు, ఎన్ని పారవేశారు? సిబ్బంది ఎవరైనా వాటిని ఇంటికి తీసుకుపోవడం జరుగుతున్నదా? నా మనుమరాలు మీ వద్ద పనిచేస్తున్నందున ఈ ప్రశ్న అడిగే బాధ్యత నాకు ఎక్కువగా ఉన్నదని భావిస్తున్నాను. ఇట్లు, బి. స్వర్ణలత, విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు, కోరుట్ల.”

చూశావు కదా, నీ మీద ఏ నిందా వేయలేదు. ప్రశ్నలు మాత్రమే అడిగాను. నువ్వు తప్పు చేయకపోతే రిజిస్టరే నిన్ను కాపాడుతుంది.

నీ బాపమ్మ.


హైదరాబాద్,
16 మార్చి 2025.

బాపమ్మకు,

రిజిస్టరు లేదు.

నువ్వు ఆఫీసుకు రాసిన ఉత్తరం పదకొండో తారీఖున చేరింది. ఆఫీసరుకు తెలుగు చదవడం రాదు. నన్ను నిలబెట్టి నితిన్‌తో చదివించారు. నీ చేతిరాత ఎంత గుండ్రంగా ఉంటుందో. ఎక్కడా తడబడకుండా చదివాడు. చివర నీ పేరు, ఊరు కూడా చదివాడు.

“ఈవిడ నీకు ఏమవుతారు?” అని ఆఫీసరు అడిగాడు.

“బాపమ్మ సార్.”

“నీ మీద కోపమా ఆవిడకు?”

“లేదు సార్. అనుమానం.”

నితిన్ తల దించుకున్నాడు. తర్వాత కెమెరాల్లో పాత రికార్డు తీశారు. జనవరి 28న నేను అన్నం డబ్బా సంచిలో ఒక పొట్లం పెట్టుకోవడం కనబడింది. ఇక చెప్పకుండా ఉండడానికి ఏమీ మిగలలేదు. వాళ్లకు చెప్పిందే నీకూ రాస్తున్నాను. ఇప్పుడు రాయడానికి భయం లేదు, పోయేది పోయింది.

డిసెంబరులో ఎల్లారెడ్డిపేట పిల్ల ఒకతె వచ్చింది. నా వయసే ఉంటుంది. కుడుకలు తీయమంటే గొడవ చేయలేదు. తనే మూట విప్పి, ఒక్కొక్కటి తుడిచి నా చేతిలో పెట్టింది. “తీసుకుంటె తీసుకో అక్కా. గని చెత్తల వెయ్యకు. మా అమ్మ ఒడిల వోసినయి” అంది. డబ్బా అక్కడే ఉంది. అందులో సగం తాగిన సీసాలు, పగిలిన పచ్చడి ప్యాకెట్లు, ఎవరిదో పాత చెప్పు కూడా ఉన్నాయి. నా చెయ్యి రాలేదు బాపమ్మా. వాళ్ల నాన్న పేరు, ఊరు, ఫోన్ నంబరు అడిగి పేపరు మీద రాసి, ఆ ఐదింటినీ ఆ పేపరులోనే కట్టాను. సెలవుకు పోయినప్పుడు అమ్మకు ఇచ్చాను. అమ్మ ఫోన్ చేసి పిలిస్తే పుట్టింటివాళ్లు వచ్చి తీసుకుపోతారు. పారేసిన వస్తువైనా బయటికి తేవడం మాకు పెద్ద తప్పు. తెలిసే చేశాను. అందుకే వచ్చినవాళ్లను లోపలికి పిలవొద్దని, పేరు ఎవరికీ చెప్పొద్దని అమ్మకు నేనే చెప్పాను. నువ్వు చూసిన ఆడమనిషి అమ్మ చేతిలో పెట్టింది కుంకుమ పొట్లం. అమ్మ కొంగుకు కట్టుకుంది అదే.

నువ్వు ఇరవై ఐదు లెక్కపెట్టావు. అవి ఐదు పొట్లాలుగా కట్టి ఉన్నాయి. ప్రతి పొట్లం మీదా పేరు ఉంది. నువ్వు పేపరు పక్కకు జరిపి లోపలివే లెక్కపెట్టావు. తర్వాత పదిహేను పోయాయి అని రాశావు. పోయినవి ఇరవై. నలుగురు వచ్చి తీసుకుపోయారు. ఎల్లారెడ్డిపేటవి మిగిలాయి, ఫోన్ నంబరులో ఒక అంకె తప్పు రాసుకున్నాను. వాటితో కొత్తగా ఐదు కలిశాయి. అవి సరితవి. కోరుట్ల పోయి దుర్గవ్వకు ఇద్దామంటే నీకు తెలిసిపోతుందని అమ్మ ఆగింది.

నీ మొదటి ఉత్తరం వచ్చాక మానేశాను. ఆ తర్వాత పదకొండు మందివి డబ్బాలో వేశాను. ఒక ముసలామె అద్దం అవతల నుంచి చూస్తూనే నిలబడింది.

నన్ను డ్యూటీ నుంచి తప్పించారు. నెలాఖరులోపు ఏదో ఒకటి తేలుస్తారట. ఉగాదికి రావడం లేదు.

రవళి.


కోరుట్ల,
27 మార్చి 2025.

చిరంజీవి రవళికి బాపమ్మ రాస్తున్నది.

నీ ఉత్తరం చదివి ఒక రోజంతా ఏ పనీ చేయలేదు. మరునాడు నీ మాటలను సరిచూడడానికి బయలుదేరాను. అది నా అలవాటు. దానికి నిన్ను క్షమాపణ అడగను. అడగవలసినది వేరే ఉంది, ముందు జరిగింది రాయనివ్వు.

20న సిరిసిల్ల పోయాను. మీ అమ్మ కళ్లు ఉబ్బి ఉన్నాయి. అయినా కాళ్లకు నీళ్లు ఇచ్చింది. “నాకు ఎందుకు చెప్పలేదు పద్మా?” అన్నాను.

“మీరు అడిగిండ్రా అత్తమ్మా? బొంత దులుపుతున్నట్టు చేసి మంచం కింద చూసిండ్రు. నేను పొయ్యి కాడికెళ్లి చూస్తనే ఉన్న. అడుగుతరేమో అని చాయ సల్లారేదాక ఆగిన. మీరు బస్సు టైమైతుందని లేచిండ్రు.”

ఇరవై ఆరేళ్లలో మీ అమ్మ నాతో ఇంత పొడుగు మాట మాట్లాడడం ఇదే మొదలు. ఆమె చెప్పినదాంట్లో తప్పు దొరకలేదు.

మీ అమ్మ దగ్గర నలుగురి పేర్లూ తీసుకున్నాను. నలుగురినీ కలిశాను. ముగ్గురు ఐదేసి అందాయని చెప్పి సంతకం పెట్టారు. వేములవాడలో లాడ్జి దగ్గర పూలు అమ్మే ఆమె నాలుగే అందాయంది. నేను మళ్లీ అడిగాను. మూడోసారి అడిగితే “ఒకటి బస్సుల పక్కామెకు ఇచ్చిన, పుణ్యముంటదని” అంది. అదీ రాయించాను.

మిగిలిన రెండు పొట్లాలు నేనే తీసుకున్నాను. ఎల్లారెడ్డిపేటలో నీ పొట్లం మీద ఉన్న ఎర్రయ్య పేరు పట్టుకొని వెతికితే రెండు గంటల్లో దొరికాడు. ఉపాధి పని నుంచి అప్పుడే వచ్చాడు. గడ్డపార ఇంకా భుజం మీదే ఉంది. పొట్లం విప్పి చాలాసేపు చూశాడు. “మా పిల్ల గాడికెళ్లి ఫోన్ల ఒకటే ఏడుపు టీచరమ్మా. చెత్తల వోయినయనుకున్నం. దాని తల్లి రెండు దినాలు అన్నం ముట్టలె. గిట్ల దాచిపెట్టిన పిల్ల ఎవలు?” అన్నాడు. నా మనుమరాలు అన్నాను. “మంచి పిల్లను పెంచిండ్రు” అన్నాడు.

దుర్గవ్వకు ఆమెవి ఇచ్చాను. కొంగులో వేసుకొని గుమ్మం మీద కూర్చుండిపోయింది. “నేనన్నది వాడకట్టంత తిరిగింది టీచరమ్మా. ఇప్పుడు ఎవలెవలికి చెప్పాలె?” అంది. ఎవరెవరితో అన్నావో వాళ్లందరికీ అన్నాను. “గదే జెప్త” అంది. చెప్తున్నదో లేదో కనుక్కుంటాను.

25న మీ ఆఫీసుకు పోయాను. నీకు తెలియనివ్వవద్దని నితిన్‌ను నేనే కోరాను. లోపలికి పోవాలంటే నా చేతి సంచిని యంత్రంలో పెట్టమన్నారు. ఒకసారి పెట్టారు. మళ్లీ పెట్టారు. మందుల డబ్బా విప్పించారు. కాగితాలకు పెట్టే గుండుసూదుల డబ్బా తీసి పక్కన పెట్టారు. మూడోసారి కూడా పెట్టారు. తలపిన్నులు తీయమన్నారు. వెనక వరుసలో నిలబడ్డవాళ్లు నన్నే చూస్తున్నారు. నా సంచిలో ఏముందో నాకు తెలుసు. నేను ఏ తప్పూ చేయలేదనీ తెలుసు. అయినా చెమటలు పట్టాయి రవళీ. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నీ వయసు పిల్ల ఒకతె “అమ్మా, ఇటు తిరగండి” అంటే బడిపిల్లలా తిరిగాను. నేను మంచం కింద చూసినప్పుడు మీ అమ్మ, నా ఉత్తరాలు చదివినప్పుడు నువ్వు ఎలా నిలబడ్డారో అక్కడ తెలిసింది.

మీ ఆఫీసరు మర్యాదస్తుడు. నితిన్ మధ్యలో ఉండి చెప్పాడు.

“ఫిర్యాదు రాసింది మీరే కదా. ఇప్పుడు వెనక్కి తీసుకుంటారా?”

“తీసుకోను. నేను రాసినదాంట్లో అబద్ధం లేదు. నిజం సగమే ఉంది. మిగతా సగం తెచ్చాను.”

“మీ మనుమరాలు చేసింది మంచి పని అంటారా?”

“తప్పు చేసింది అంటాను. దొంగతనం చేయలేదు అంటాను. రెండూ ఒకే కాగితం మీద రాసి, తల్లుల సంతకాలతో తెచ్చాను.”

కాగితాలు తీసుకొని, నిర్ణయం పైవాళ్లదని చెప్పాడు. కుడుకలు పనికిరావని బయటి గుమ్మం దగ్గరే తెలుగులో రాసి పెడితే సగం గొడవ తీరుతుంది కదా అని కూడా అడిగాను. చూస్తామన్నాడు. చూస్తామంటే ఏమిటో నాకు తెలుసు, నేనూ ప్రభుత్వ ఉద్యోగం చేశాను.

ఇక నేను అడగవలసిన క్షమాపణ. అడగడం నా తప్పు కాదు. అడిగిన చోటు తప్పు. ఉగాది దాకా ఆగమన్నావు. నేను రాసిన రోజు నుంచి ఉగాదికి ఇరవై నాలుగు రోజులు. ముప్పై నాలుగేళ్లు ఒకరి పిల్లలను ఓపికగా విన్నాను, మన పిల్ల కోసం ఇరవై నాలుగు రోజులు ఆగలేకపోయాను. నన్ను క్షమించమని అడుగుతున్నాను. నువ్వు పోగొట్టుకున్నదాని ముందు ఇది చిన్న మాట అని తెలిసే అడుగుతున్నాను.

నీ బాపమ్మ.


జగిత్యాల,
20 ఏప్రిల్ 2025.

బాపమ్మకు రవళి నమస్కరించి రాస్తున్నది.

పైన ఊరు పేరు చూసి ఆశ్చర్యపోయి ఉంటావు. మార్చి 31న నన్ను తీసేశారు. కాగితంలో “నియమ ఉల్లంఘన” అని ఉంది. మొదట “అపహరణ” అని టైపు చేశారట. నీ కాగితాలు పైకి పోయాక ఆ మాట కొట్టేశారని నితిన్ చెప్పాడు. ఆ మాటే ఉంటే నాకు ఇంకెక్కడా పని దొరికేది కాదు. ఇక్కడ కొత్త బస్టాండు దగ్గర స్కానింగ్ సెంటర్‌లో చీటీలు రాసే పని దొరికింది. హైదరాబాద్ హాస్టల్‌లో నా గదిలో ఉన్న షాజియా వాళ్లది జగిత్యాలే, వాళ్ల మామయ్య పెట్టించాడు. లోపల మనుషుల కడుపులు తెర మీద చూస్తారు. నన్ను తెర దగ్గరికి రానివ్వరు. మంచిదే అనుకుంటున్నాను.

నేను వచ్చి పదహారు రోజులైంది. కోరుట్లకు బస్సు నలభై నిమిషాలు. రెండు ఆదివారాలు బస్టాండు దాకా పోయి, కోరుట్ల బోర్డు చూసి వెనక్కి వచ్చాను. నీ మీద కోపం తగ్గింది అని రాస్తే అది అబద్ధం అవుతుంది. నువ్వు రాసిన ప్రతి వాక్యం నిజమే. ఆఫీసరు ముందు నితిన్ చదువుతుంటే నాకు ఏడుపు రాలేదు. నువ్వు ఏ మాట ఎలా పలుకుతావో అలాగే వినబడింది, అందుకని తల ఎత్తలేకపోయాను.

అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఎండలో ఎల్లారెడ్డిపేటలో ఇల్లిల్లూ తిరిగావని, మోకాలు వాచిందని, ఎవరికీ చెప్పొద్దన్నావని చెప్పింది. నీకు తెలియకుండా ఏదీ చేయను అని నాకు రాశావు. నీ మోకాలి సంగతి నాకు ఎందుకు రాయలేదు? చూశావా, నువ్వు కూడా కొన్ని కాగితం మీద పెట్టవు.

వచ్చే ఆదివారం పది గంటల బస్సుకు వస్తాను. ఈసారి ఎక్కుతాను. నువ్వు మారాలని నేను అడగడం లేదు. అనుమానించకు అని కూడా అనను, నీకు అది చేతకాదు. ఒక్కటే అడుగుతున్నాను. నా మీద అనుమానం వస్తే నన్ను అడుగు. నేను చెప్పకపోతే మళ్లీ నన్నే అడుగు. అప్పటికీ చెప్పకపోతే తిట్టి అడుగు, తలుపు వేసి కూర్చోబెట్టి అడుగు. ఎన్నిసార్లైనా సరే, నన్నే అడుగు బాపమ్మా. నా గురించి అడగడానికి ఇంకొకరి దగ్గరికి పోకు.

నీ మనుమరాలు,
రవళి.